పరాస్కా అత్త తొడకండ

టొరంటో
11 జనవరి 1988

పూజ్యురాలైన పరాస్కా అత్త పాదాలకు (ఎడమ వైపు నెప్పిగా ఉందని విన్నాను కనుక కుడి పాదానికి కాస్త ఎక్కువగా) మేనల్లుడు మైరన్ సాష్టాంగపడి రాయునది.

ముందుగా క్షమాపణలు. ఈ శీతాకాలం పందుల ధర పడిపోయినందుకు నన్ను క్షమించు. మీ డాఫిన్‌లో ఎముకలు కొరికే చలి ఉన్నందుకు క్షమించు. ఆ గాలిని ఇటు తిప్పుకుందామని శతవిధాలా చూశాను, మాట వినలేదు. నీ ట్రాక్టర్ మొరాయించినందుకు, ఫాదర్ హ్రిహోరీ ఉపన్యాసం భోజనాల వేళ దాటిపోయినందుకు, మా నాన్న నీకు తమ్ముడై పుట్టినందుకు, అన్నిటికీ బాధ్యుణ్ణి నేనే. ఈ ఉత్తరం చదివాక నీకు కోపం వస్తే ఆ పాపం కూడా నా నెత్తినే వేసెయ్యి. ఇప్పటికే అక్కడ చాలా ఉన్నాయి, ఇరుక్కుని సర్దుకుంటుంది.

అసలు విషయం. నువ్వు తుంటి ఆపరేషన్ వద్దన్నావట. పార కర్ర ఊతంగా పట్టుకుని పందుల దొడ్లో కుంటుతూ తిరుగుతున్నావట. నాన్న చెప్పాడు. ఫోన్ చేద్దామంటే మీ లైను మీద చుట్టుపక్కల పొలాలవాళ్ళందరూ చెవులు ఆనించి కూర్చుంటారు. అందుకని ఈ తపాలా యాగం.

నేనిక్కడ వెలగబెడుతున్నదేమిటని అడిగావు. "మావాడు విషంతో ఆడుకుంటున్నాడు" అని నాన్న ఊరంతా చెబుతున్నాడట. పూర్తిగా అబద్ధం కాదు. ఆ విషం పేరు రయనోడిన్. ట్రినిడాడ్ వైపు అడవుల్లో పెరిగే ఒక పొద కాండం నుంచి తీస్తారు. మా దగ్గర చిటికెన వేలంత సీసాలో అడుగున అంటుకుని ఉంటుంది. మా ప్రొఫెసర్ దాన్ని తన పిల్లలకంటే జాగ్రత్తగా చూసుకుంటాడు.

అదేం చేస్తుందంటే, కండలోని ప్రతి కణంలోనూ కాల్షియం దాచుకునే గాదె ఒకటి ఉంటుంది. దానికి తలుపులు. తలుపు తెరుచుకుంటే కాల్షియం బయటికి దూకుతుంది, కండ బిగుస్తుంది. కాల్షియం తిరిగి లోపలికి పోతే కండ వదులవుతుంది. మన రయనోడిన్ వెళ్ళి ఆ తలుపు సందులో తిష్ఠ వేస్తుంది. కాస్త వేస్తే తలుపుని సగం తెరిచి పట్టుకుని వదలదు. బాగా ఎక్కువ వేస్తే అదే తలుపుని మూసి గడియ పెడుతుంది. ఈ రెండు నాలుకల వ్యవహారం ఎందుకో చెప్పగలిగితే నాకు డాక్టరేట్ ఇస్తారట. అంతవరకూ పంది కండలతో కుస్తీ.

ఇంతకీ ఆపరేషన్ ఎందుకు వద్దన్నావు? సూటిగా రాయి.

నీ సకల నేరాల ముద్దాయి,
మైరన్

*

డాఫిన్ దగ్గర, మన పొలం
22 జనవరి

ఒరేయ్ మైరన్,

వేళకి తింటున్నావా? ఉత్తరం చూస్తే ఖాళీ కడుపుతో రాసినట్టుంది. అన్నిటికీ క్షమాపణ చెప్పావు గానీ, నా బాతుకి నీలం రంగు పూసిన దాని ఊసు లేదేం?

సూటిగా అడిగావు కాబట్టి సూటిగా రాస్తున్నా. నీకు మీ పెదనాన్న దిమిత్రో కథ ఎవరూ సరిగ్గా చెప్పలేదు. నువ్వు పుట్టకముందు మాట. కడుపునెప్పి అన్నాడు, అపెండిక్స్ అన్నారు. మత్తు గ్యాస్ మాస్కు మూతి మీద పెట్టారో లేదో దవడ బిగుసుకుపోయింది. ఒళ్ళంతా చెక్క. చెయ్యి వేస్తే పెనం మీద వేసినట్టే. డాక్టరు గుడ్లు తేలేశాడు. అప్పుడు సిస్టర్ యుఫ్రోసిన్ అని ఒకావిడ, కిటికీ బార్లా తెరిచి, పారతో బయటి మంచు తోడి మంచం మీద గుమ్మరించింది. గ్యాస్ ఆపేశారు, మంచు కప్పారు, బతికాడు. ఇప్పటికీ ఆవిడ ఫోటో దేవుడి పటాల పక్కన పెట్టుకున్నాడు. అది చూసి మీ పెద్దమ్మ ఇప్పటికీ కుళ్ళుకుంటుంది.

అప్పటినుంచి మన ఇంట్లో ఎవరూ ఆ గ్యాస్ పీల్చరు. "వేరే రకం మత్తులున్నాయి, వెన్నులో సూది ఉంది" అని ఆపరేషన్ డాక్టరు చెప్పాడు. వెన్నులో సూది పొడిపించుకున్న బోడ్నార్ గారి మరదలు నెలంతా తలపట్టుకుని తిరిగింది. నాకొద్దు.

పైగా ఈ జబ్బు నాకు తెలియనిదా? పందుల్లో చూడలేదా? లారీ ఎక్కించగానే తోక వణుకుతుంది, ఒంటి మీద ఎర్ర మచ్చలు లేస్తాయి, కొయ్యలా బిగుసుకుని చస్తాయి. ఎలాంటివి? కొవ్వు లేకుండా, తొడలు గట్టిగా, వెనక భాగం గుండ్రంగా ఉన్నవి. సంతలో బహుమతి రిబ్బన్లు కట్టేది వాటికే. మొన్న అద్దం ముందు నిలబడి, కొనబోయే పందిని చూసినట్టు నన్ను నేను అటూ ఇటూ తిప్పి చూసుకున్నా. కొవ్వు లేదు. తొడలు గట్టి. కోపమొస్తే మెడ మీద ఎర్ర మచ్చలు. ఇంకేం కావాలి? నేను ఆ జాతే.

ఇంకో సంగతి. నవ్వావంటే చంపుతా. పక్క పొలం ఒరెస్ట్ నన్ను పెళ్ళి చేసుకుంటానన్నాడు. నాకూ ఇష్టమే. కానీ మన పెళ్ళిళ్ళ సంగతి నీకు తెలుసు కదా, హాల్లో అందరూ వలయం కట్టి కొలొమెయ్కా ఆడుతుంటే పెళ్ళికూతురు మధ్యలోకి దూకాలి. ఆ వలయంలో తిరక్కుండా మనవాళ్ళలో ఎవరికైనా పెళ్ళయిందా? నేను బంగాళాదుంపల బస్తాలా కుర్చీలో కూర్చుని చూడాలా? తుంటి బాగైతే పెళ్ళి. లేకపోతే లేదు. అతనికీ ఇదే చెప్పా.

కాబట్టి నీ మందు ఒక సీసా పంపు. ఎక్కువ వేస్తే తలుపుకి గడియ పడుతుందన్నావుగా. పొద్దున్నే తాగేసి ధీమాగా ఆపరేషన్‌కి వెళ్తా.

మీ అత్త
పరాస్కా

*

టొరంటో
30 జనవరి

అత్తా,

వద్దు! వద్దు! వద్దు! నా జన్మలో మొదటిసారి హాస్యం పక్కన పెట్టి రాస్తున్నాను. గుండె కూడా కండే. ఊపిరి లాగేదీ కండే. ఆ మందు తాగితే ఏ ఆపరేషనూ అక్కర్లేని చోటికి వెళ్తావు. అది గాజు గిన్నెల్లో వాడేది, గొంతులో పోసుకునేది కాదు.

హాస్యాన్ని మళ్ళీ పిలుచుకున్నాను. ఇప్పుడు విను. మనుషుల్లో ఆ జబ్బు తొడల సౌష్ఠవాన్ని బట్టి రాదు. పెదనాన్నకి ఉందంటే నీకు ఉండటానికీ లేకపోవడానికీ సమానంగా అవకాశం ఉంది, బొమ్మా బొరుసూ లాగా. తేల్చే పరీక్ష మా ఆస్పత్రిలో ఉంది. నాన్నకి నిరుడే చేశారు. ఏమీ లేదు. అందుకే ఇప్పుడు పళ్ళు పీకించుకోవడానికి కూడా గ్యాస్ అడుగుతున్నాడు.

గ్యాస్ లేకుండా, తొడ నరానికి తిమ్మిరి సూది వేసి, వేలెడంత కండ ముక్క తీస్తారు. దాన్ని పోగులుగా చీల్చి, ఉప్పునీళ్ళ లాంటి ద్రావణంలో దారంతో వేలాడదీస్తారు. దారం రెండో కొస ఒక పెన్నుకి కట్టి ఉంటుంది. కండ బిగిస్తే గీత పైకి లేస్తుంది. ఒక పోగుకి కెఫీన్ ఇస్తారు, ఒకదానికి ఆ మత్తు గ్యాసే, హాలోథేన్ అంటారు, అది ఇస్తారు. కాఫీలో ఉండే కెఫీన్ కూడా ఆ గాదె తలుపే తడుతుంది. జబ్బున్న కండ కొంచెం తట్టగానే బిగుసుకుంటుంది. మంచి కండ పట్టించుకోదు.

ముక్క కోసిన కొన్ని గంటల్లోనే పరీక్ష అయిపోవాలి. కనుక పోస్టులో పంపే ఆలోచన ఉంటే మానుకో. నీ సంగతి తెలుసు కాబట్టే రాస్తున్నాను.

బాతు విషయం కోర్టులో ఉంది, మాట్లాడలేను.

మైరన్

*

మన పొలం
14 ఫిబ్రవరి

ఒరేయ్,

కాఫీతో తేలుతుందని ముందే చెప్పొచ్చుగా! ఇంట్లోనే చేసేశా. చిక్కటి కాఫీ కెటిల్ నిండా కాచి, మొత్తం తాగి, పొయ్యి పక్కన కూర్చున్నా బిగుస్తానేమోనని. ఒరెస్ట్ ఎదురుగా కూర్చుని నా దవడ వంకే చూస్తున్నాడు.

"ఏమైనా తెలుస్తోందా?" అన్నాడు.

"గుండె దడదడలాడుతోంది" అన్నా.

"అది నన్ను చూసి అయ్యుంటుంది" అన్నాడు, సిగ్గులేకుండా. ఈ వయసులో!

ఆ రాత్రి నిద్ర పట్టక దొడ్డి మొత్తం కడిగా. బిగుసుకోలేదు. అయితే పరీక్ష నెగ్గినట్టేనా?

నీ పద్ధతి ఒరెస్ట్‌కి చదివి వినిపించా. తొడ ముక్క, ఉప్పునీళ్ళు, వేలాడదీయడం. బతుకంతా పందుల తొడలు ఉప్పులో ఊరేశా, ఇప్పుడు నా వంతు వచ్చిందన్నమాట. ఒరెస్ట్ తొడ చరుచుకుని, "పరాస్కా, నాది తీసుకోమను. నా తొడకేం తక్కువ?" అన్నాడు.

"నీ తొడ కోస్తే నీ సంగతి తెలుస్తుంది గానీ నా సంగతెలా తెలుస్తుంది, పిచ్చిమొహమా?"

"ఏమో, ఇద్దరం ఒకటే తింటున్నాంగా" అన్నాడు. ఆ ముఖం చూస్తే జాలేసింది. అందుకే వస్తున్నా. నీ ప్రొఫెసర్‌కి వెల్లుల్లి సాసేజ్ ఇష్టమేనా?

అత్త

*

టొరంటో
2 మార్చి

అత్తా,

కాఫీ పరీక్ష చెల్లదు. పొట్టలో పోసిన కాఫీలోంచి కండకి చేరేది ఏ మూలకీ రాదు. కడిగిన దొడ్డికి మాత్రం నా అభినందనలు.

ఏప్రిల్ చివరి వారంలో నీకు తేదీ ఇచ్చారు. రైలు దిగగానే నేనుంటాను. అక్కడినుంచి ఆస్పత్రి గుమ్మం దాకా కూడా నేనుంటాను. ఆ తర్వాత ఉండను. బంధువుల కండ దగ్గరికి మమ్మల్ని రానివ్వరు. గీతని ప్రేమతో చూస్తే వంకర కనబడదని మా ప్రొఫెసర్ వాదన. పరీక్ష చేసేది విల్మా అని మా ల్యాబు పెద్దావిడ. ఆవిడ నవ్వడం ఇంతవరకూ ఎవరూ చూడలేదు కాబట్టి నీకు నచ్చుతుంది. ఫలితం డాక్టరు సంతకం అయ్యేదాకా ఎవరూ పెదవి విప్పకూడదు, నేను మరీ విప్పకూడదు.

మిగిలిన పోగు మీద నా రయనోడిన్ కూడా వేసి చూస్తామంటున్నారు, నువ్వు ఒప్పుకుంటేనే. ఇంకా పరిశోధనలో ఉన్న పద్ధతి.

సాసేజ్ తేవద్దు. (నాకు విడిగా తే.)

మైరన్

*

మన పొలం
6 మే

మైరన్‌కి,

ఇల్లు చేరా. కుట్లు బాగానే ఉన్నాయి. స్టేషన్లో నువ్వు వేసిన జోకులకి నవ్వుతున్నట్టు నటించా, నువ్వు గమనించలేదు.

ఇక దాచకు. నాకు తెలిసిపోయింది. కట్టు కట్టి నన్ను పక్క గదిలో కూర్చోబెట్టారు కదా. అక్కడికి మీ విల్మా గొంతు స్పష్టంగా వినబడింది: "రయనోడిన్ పోగు బిగిసిపోయింది, వచ్చి గీత చూడండి!" అని. ఎంత గట్టిగా అరిచిందో. తర్వాత నువ్వొచ్చావు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నా మొహం వంక చూడలేదు. "టీ తాగుతావా అత్తా?" అన్నావు, జవాబు వినకుండానే పారిపోయావు. పందుల డాక్టర్లు కూడా చావబోయే పంది యజమాని వంక చూడరు. ఆ చూడకపోవడం నాకు బాగా తెలుసు.

పోనీలే. నీ తప్పు కాదు, పుట్టుక. ఆపరేషన్ డాక్టరు ఆఫీసుకి ఫోన్ చేసి, నా పేరు కొట్టేయమని చెప్పా. ఆడపందులన్నిటినీ ఒరెస్ట్ పొలానికి తోలించేశా, నేను వాటి వెంట నడవలేను. అతనికీ తేల్చి చెప్పా.

"నువ్వు ఇంకెవర్నైనా చూసుకో. బోడ్నార్ గారి మరదలు ఖాళీగానే ఉంది."

"ఆవిడ బోర్ష్ సూప్‌లో పంచదార వేస్తుంది" అన్నాడు.

"అలవాటు పడతావు."

"నేను పడను, పరాస్కా" అని వెళ్ళిపోయాడు. టోపీ మర్చిపోయి చలిలో పొలానికి అడ్డంపడి నడిచిపోయాడు. టోపీ ఇక్కడే మేకుకి ఉంది. నువ్వు జూన్‌లో వస్తే ఇచ్చిరా. నేను ఇవ్వలేను.

అత్త

*

టొరంటో
11 మే, ఎక్స్‌ప్రెస్ పోస్టు

అత్తా! అత్తా! అత్తా!

ముందు ఆ టోపీ పట్టుకుని ఒరెస్ట్ ఇంటికి వెళ్ళు. తర్వాత వచ్చి ఈ ఉత్తరం చదువు.

వెళ్ళొచ్చావా? వెళ్ళలేదని తెలుసు. సరే, చదువు.

రయనోడిన్ తగిలితే ఎవరి కండైనా బిగుస్తుంది! ఫాదర్ హ్రిహోరీదైనా, ప్రధానమంత్రిదైనా, హాకీ గోల్‌కీపర్‌దైనా. తలుపు సందులో తిష్ఠ వేసే బాపతని చెప్పాను కదా. బిగుస్తుందా అన్నది ప్రశ్న కాదు, ఎంతసేపటికి అన్నది ప్రశ్న. జబ్బున్న కండ త్వరగా లొంగిపోతుంది. నీది ఎంత మొండికేసిందంటే, పాపం విల్మా అక్కడినుంచి కదల్లేక మధ్యాహ్నం భోజనం మానేసింది. నువ్వు విన్న ఆ అరుపు శోకం కాదు అత్తా, ఆకలి! "హమ్మయ్య, బిగిసింది, ఇక తినొచ్చు" అని. ఈ ముక్క నీకు ముందే చెప్పి ఉండాల్సింది. వేల క్షమాపణలు చెప్పే నేను చెప్పాల్సిన ఒక్కటీ చెప్పలేదు.

ఇక అసలు పరీక్ష. కెఫీన్‌కి నీ కండ బిగుసుకోలేదు. ఎక్కువ ఇస్తే ఎవరిదైనా ఎంత కదలాలో అంతే కదిలింది. హాలోథేన్‌కి ఉలకలేదు, పలకలేదు. ఈ ఉదయం డాక్టరు సంతకం అయింది కాబట్టి నా నోటికి స్వాతంత్ర్యం వచ్చింది. నువ్వు ఆ జాతి పందివి కాదు. మామూలు పందివి. క్షమించు, మామూలు మనిషివి. నీకు ఏ మత్తైనా ఇవ్వొచ్చు. మీ డాక్టరుకి కాగితం వేరే వస్తుంది. నీ పేరు మళ్ళీ ఎక్కించమని నేనే ఫోన్ చేశాను. ఆ ఆఫీసులో ఫోన్ తీసినావిడ అసలు కొట్టేయనే లేదట. "మీ అత్త మాటని వారం రోజులు నానబెట్టి గానీ నేను అమలు చేయను" అంది.

పారిపోయానంటావా, అక్కడే నిలబడితే నా నోరు ఆగదని. కళ్ళంటావా, ల్యాబులో ఎవరో ఫార్మలిన్ సీసా ఒలకబోశారు. ఆ ఘాటుకి అందరి కళ్ళూ మండాయి.

ఇప్పుడైనా టోపీ పట్టుకుని వెళ్ళు.

మైరన్

*

డాఫిన్ ఆస్పత్రి
8 జులై

ఒరేయ్ మైరన్,

పడుకుని రాస్తున్నా, అక్షరాలు వంకర. మత్తు దిగగానే మొదట దవడ కదిపి చూసుకున్నా. కదిలింది. "తిట్టండి చూద్దాం" అంది నర్సు. తిట్టా. "బ్రహ్మాండంగా ఉన్నారు" అంది. ఒరెస్ట్ అంతసేపూ కిటికీ పక్కన నిలబడే ఉన్నాడట. చేతిలో పార. ఈ ఎండాకాలంలో మంచు ఎక్కడినుంచి తోడదామనుకున్నావయ్యా అంటే, బయట ట్రక్కు నిండా చేపల కంపెనీ వాళ్ళ ఐసు తెచ్చి పెట్టుకున్నాడు! ఆస్పత్రి వాళ్ళు తిడితే, "మీ మందుల మీద నమ్మకం ఉంది, కానీ ఐసు ఉంటే తప్పేముంది" అన్నాడట. ఆ ఐసుతో సాయంత్రం వార్డు మొత్తానికి చల్లటి నిమ్మరసం.

అక్టోబర్ మొదటి శనివారం పెళ్ళి. పెళ్ళిపెద్దవి నువ్వే. ఉపన్యాసం పొట్టిగా ఉండాలి.

అత్త

*

మన పొలం (ఇప్పుడు రెండు పొలాలు)
12 అక్టోబర్

ఒరేయ్ దొంగా,

పెళ్ళయిన మర్నాడే బస్సెక్కి పారిపోతే బతికిపోతాననుకున్నావా? ఒక్కొక్కటే బయటపడుతున్నాయి. పెళ్ళి బల్ల కింద పందిపిల్లకి మెళ్ళో రిబ్బను కట్టి వదిలిందెవరు? నా కుర్చీకి "మొదటి బహుమతి" అట్ట తగిలించిందెవరు? ఫాదర్ గారి ఉపన్యాసం కాగితాల్లో చివరి పేజీలు మాయం చేసిందెవరు? (దానికి ఊరంతా నీకు రుణపడి ఉంది, అయినా అడుగుతున్నా.) నీ మాస్టర్ల కోసం మీ పెదనాన్న డబ్బాలో పెట్టిచ్చిన పెరోగీ కుడుములు టొరంటో చేరనే లేదట, ఏ స్టేషన్లో తిన్నావు?

కొలొమెయ్కాలో నేను మధ్యలోకి దూకినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. నువ్వు కొట్టలేదు. గోడ దగ్గర నిలబడి ద్వారం వైపు చూస్తున్నావు. ఒరెస్ట్ చూసి చెప్పాడు. "కుర్రాడికి కంట్లో ఏదో పడింది" అన్నాడు. అక్కడ కూడా ఫార్మలిన్ ఒలికిందా?

అన్నిటికీ జవాబు కావాలి.

అత్త

*

టొరంటో
20 అక్టోబర్

అత్తా,

నీ అభియోగపత్రం అందింది. ముద్దాయి వాంగ్మూలం ఇది.

పందిపిల్ల: అది తనంతట తానే వచ్చింది, రిబ్బనుతో సహా. పెళ్ళికి అలంకరించుకుని రావడం నేరమా? అట్ట: ఒరెస్ట్ మామయ్య. చేతిరాత చూడు. ఆయన అబద్ధమాడలేడు, అడిగితే చెవులు ఎర్రబడతాయి. ఉపన్యాసం కాగితాలు: పరిశుద్ధాత్మ ప్రేరణ. పెరోగీలు: విల్మా. నేను డబ్బా మూత తీసి పక్కకి తిరిగేలోపు ఖాళీ. తర్వాత ఆవిడ నవ్వింది. నేనే సాక్షిని, నన్నెవరూ నమ్మడంలేదు.

చూశావుగా, వీటిలో ఒక్కటీ నేను చేసింది కాదు.

చేసింది ఒక్కటుంది. ఫార్మలిన్ సీసా ఏదీ ఒలకలేదు.

రావద్దన్నా ఆ రోజు వచ్చాను. ల్యాబు తలుపుకి చిన్న గాజు పలక ఉంటుంది, దానికి ముక్కు ఆనించి నిలబడ్డాను. విల్మా హాలోథేన్ తిప్పింది. ఇన్నాళ్ళుగా ఎన్ని పంది కండల్ని చూశానో, ఆ క్షణం ఆ పెన్ను ఎలా పైకి ఎగురుతుందో నాకు తెలుసు. ఇంకాస్త తిప్పింది. గీత కదల్లేదు. ఎండలో పడుకున్న కుక్కలా అలాగే ఉంది. ఇంకా తిప్పింది. అలాగే ఉంది.

నేను శీతల గదిలోకి వెళ్ళి, తలుపు వేసుకుని, కండల డబ్బాల మధ్య నేల మీద కూర్చున్నాను. ఈ భూమ్మీద నా జోకులకి నవ్వకుండా నన్ను తిట్టే మనిషివి నువ్వొక్కదానివే అత్తా. ఆ తిట్లు ఆగిపోతాయేమోనని జనవరి నుంచీ భయంతో చస్తున్నాను. ఇన్ని ఉత్తరాల్లో ఆ మాట ఒక్కసారి కూడా రాయలేకపోయాను.

అక్కడ కూర్చుని ఏడ్చాను. చిన్నపిల్లాడిలా, గట్టిగా, ముక్కు తుడుచుకుంటూ. నిజంగా నేను చేసింది అదొక్కటే.

మైరన్